మగతోడు లేకుండా గుడ్లు పెట్టిన పాము: ఆ తర్వాత చూసుకోవాల్సింది తల్లినే

ఏళ్ల తరబడి ఒంటరిగా పెరుగుతున్న కార్న్ స్నేక్ అనే పెంపుడు పాము ట్యాంకులో ఒక రోజు పొద్దున్నే పదిహేనో ఇరవయ్యో గుడ్లు కనిపిస్తాయి. అప్పటిదాకా అది ఆడదో మగదో కూడా కొందరికి తెలిసి ఉండదు. ముందు కంగారు పడతారు. ఆ తర్వాత ఫోను పట్టుకుని వెతుకుతారు. ‘మగపాము కలవలేదు కాబట్టి ఇవి పిల్లలయ్యే గుడ్లు కావు’ అని తేలగానే హమ్మయ్య అనుకుని, గుడ్లు తీసి చెత్తబుట్టలో వేసి, ఆ సంగతి మర్చిపోతారు. పాముల్ని పెంచడం మామూలు విషయమైన అమెరికా, బ్రిటన్ లాంటి దేశాల్లో ఇది తరచూ కనిపించే తీరు. అసలు ఇబ్బంది ఆ మర్చిపోవడంలోనే ఉంది. ఫలించడం, ఫలించకపోవడం గుడ్డుకు సంబంధించిన విషయం. దాన్ని తయారుచేసిన ఒంటికి ఆ తేడా తెలియదు. పచ్చసొనలోకి వెళ్లిన కొవ్వు, మాంసకృత్తులు, పెంకులోకి వెళ్లిన కాల్షియం, లోపలికి పోయిన నీరు అన్నీ తల్లి ఒంట్లోంచి పోయినవే. పిల్లలు రావని తెలిశాక గుడ్ల గురించి పట్టించుకోవాల్సింది తగ్గిపోతుంది, నిజమే. తల్లి గురించి పట్టించుకోవాల్సింది మాత్రం అప్పుడే మొదలవుతుంది.

మగపాము లేకుండా గుడ్లు ఎలా వచ్చాయన్న ప్రశ్నకు తెలుగువాళ్లకి వేరే వివరణ అక్కర్లేదు. ఫారాల్లో పెరిగే లేయర్ కోడి పుంజు మొహం కూడా చూడకుండానే గుడ్లు పెడుతుంది. పాములోనూ అండం తయారై విడుదల కావడానికి మగది ఉండాలన్న నియమం లేదు. కాలం మారడం, పగటి నిడివి పెరగడం, చలి తగ్గి వెచ్చబడటం, అన్నిటికన్నా ముఖ్యంగా ఒంట్లో సరిపడా కొవ్వు ఉండటం, ఇవన్నీ కలిస్తే చాలు. తేడా ఏమిటంటే కోడి రోజుకొకటి పెడుతుంది. పాము మామూలుగా ఏడాదికి ఒకసారి, పెట్టాల్సినవన్నీ ఒక్క కాన్పులోనే పెట్టేస్తుంది. అందుకే దాని ఒంటి మీద పడే భారం అంత ఎక్కువ.

అన్ని జాతుల్లోనూ ఇది ఒకేలా ఉండదు. అమెరికా ఆగ్నేయ ప్రాంతానికి చెందిన కార్న్ స్నేక్, దాని దగ్గరి బంధువులైన ర్యాట్ స్నేక్‌లు, కింగ్ స్నేక్‌లు మగతోడు లేకుండానే గుడ్లు పెట్టడం చాలా మామూలు. వసంతంలో, వేసవి మొదట్లో ఈ గుడ్లు ఎక్కువగా కనిపిస్తాయి. పశ్చిమ, మధ్య ఆఫ్రికాకు చెందిన కొండచిలువ జాతి బాల్ పైథాన్‌లో మగది కలవకుండా గుడ్లు రావడం అంతకన్నా అరుదు. అందులో ఎక్కువగా చూసేది, జతకట్టించినా ఫలించకుండా పోయిన గుడ్లు. కొన్నిసార్లు మొత్తం కాన్పు అలా పోతుంది, కొన్నిసార్లు మంచి గుడ్ల మధ్య ఒకటో రెండో. పెంపకందారులు వీటిని స్లగ్స్ అంటారు. బోవాల్లాగా నేరుగా పిల్లల్ని కనే పాముల్లో కూడా పిల్లలతో పాటు పసుపు పచ్చటి ముద్దల్లా ఇవి బయటికి వస్తాయి.

చేతిలోకి తీసుకుని చూస్తే

ఫలించిన పాము గుడ్డు తెల్లగా, నిండుగా, తోలు సంచిలా ఉంటుంది. పెట్టిన కాసేపటికి పైభాగం ఆరిపోయి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. స్లగ్ చాలాసార్లు చూడగానే తెలిసిపోతుంది. పరిమాణం చిన్నది, రంగు పసుపు లేదా లేత గోధుమ, పైన మైనం పూసినట్టు జిడ్డుగా, పట్టుకుంటే రబ్బరులా గట్టిగా ఉంటుంది. కొన్ని ఒకవైపు నొక్కుకుపోయి ఉంటాయి. అయితే కార్న్ స్నేక్ పెట్టే ఫలించని గుడ్లలో కొన్ని తెల్లగా, నిండుగా, అచ్చం మంచి గుడ్లలాగే ఉండి మోసం చేస్తాయి. అలాంటప్పుడు గదిలో లైటు ఆపేసి, గుడ్డుకి ఫోను టార్చి ఆనించి చూడాలి. మంచి గుడ్డయితే కొన్ని రోజుల్లోనే లోపల గులాబి ఎరుపు రంగులో సన్నటి రక్తనాళాలు అల్లుకుని కనిపిస్తాయి. ఫలించని గుడ్డు మొత్తం ఒకే తీరుగా పసుపు పచ్చగా వెలుగుతుంది, లోపల గీత కూడా ఉండదు. ఈ పరీక్ష చేసేటప్పుడు గుడ్డుని అటూ ఇటూ తిప్పకూడదు. పాము గుడ్డులో పిండం మొదటి రోజే లోపలి గోడకి అంటుకుని స్థిరపడుతుంది. కోడిగుడ్డుని పొదిగేటప్పుడు తిప్పినట్టు దీన్ని తిప్పితే పిండం చచ్చిపోతుంది. పైభాగాన పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టుకుంటే ఈ పొరపాటు జరగదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ‘మగపాము లేదు కదా’ అనేది ‘ఎప్పుడూ లేదు’ అన్నంత ఖాయం కాదు. ఆడపాములు వీర్యాన్ని నెలల తరబడి, కొన్ని జాతుల్లో ఏళ్ల తరబడి ఒంట్లో దాచుకోగలవు. ఇంకొకరి దగ్గర పెరిగి చేతులు మారిన పాము, షాపులో నలుగురితో కలిపి ఉంచిన పాము అయితే గుడ్లు పారేసే ముందు ఒకసారి ఆగి టార్చితో చూడటమే మంచిది. పిల్లలు వద్దనుకునేవాళ్లు కూడా ఈ పరీక్ష చెయ్యాలి. ఫలించిన గుడ్లని పెంచే ఉద్దేశం లేకపోతే మొదటి రోజుల్లోనే డీప్ ఫ్రీజర్‌లో పెట్టి, ఆ తర్వాత పారేయాలి. ఎదిగిన పిండంతో ఉన్న గుడ్డుని చెత్తలో వేయడం దారుణం.

మగతోడు లేకుండా ఫలించే గుడ్లు కూడా ఉన్నాయి. అమెరికాలోని లూయివిల్ జూలో థెల్మా అనే రెటిక్యులేటెడ్ పైథాన్ 2012లో 61 గుడ్లు పెట్టింది. వాటిలోంచి ఆరు పిల్లలు వచ్చాయి. అది మగపాముని ఎప్పుడూ కలవలేదు. ఆ పిల్లలకి తండ్రి లేడని డీఎన్ఏ పరీక్షలతో 2014లో నిర్ధారించారు. సెయింట్ లూయిస్ జూలో 1961 నుంచి ఉంటున్న ఒక బాల్ పైథాన్ 2020 జులైలో ఏడు గుడ్లు పెట్టింది. అప్పటికి దాని వయసు కనీసం 62 ఏళ్లని జూ అంచనా. పదిహేనేళ్లకి పైగా అది మగపాము దగ్గరికి వెళ్లలేదు. మగది కలవకుండానే పిల్లలు పుట్టే ఈ అనిషేకజననం పాముల్లో మనం అనుకున్నంత వింత కాదు. పూలకుండీల్లో కనిపించే, వానపాము అనుకుని పొరబడేంత సన్నటి గుడ్డిపాములో మొత్తం ఆడవే, మగది లేనే లేదు. ఆ జాతిని 1796లో స్కాట్లండ్ వైద్యుడు ప్యాట్రిక్ రస్సెల్ వర్ణించింది మన విశాఖపట్నం ప్రాంతంలో చూసే. దానికి శాస్త్రీయంగా పేరు పెట్టింది 1803లో ఫ్రెంచి శాస్త్రవేత్త దోదాఁ. పెంపుడు కార్న్ స్నేక్ గుడ్లు ఇలా పిల్లలవుతాయని ఆశపెట్టుకోవడం మాత్రం దండగ. అలా జరిగేది చాలా తక్కువ, జరిగినా కాన్పులో ఎక్కువ గుడ్లు పాడైపోయేవే.

అన్నీ బయటికొచ్చాయా?

గుడ్లు పెట్టిన పాము విషయంలో మొట్టమొదట తేల్చుకోవాల్సింది ఇదే. మిగతాదంతా దీని తర్వాతే. ఫలించని గుడ్లు పరిమాణంలో ఒకే తీరుగా ఉండవు, కొన్ని వంకరగా, గట్టిగా, కొన్ని ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. ఇలాంటివి దారిలో అడ్డుపడే అవకాశం ఎక్కువ. అందుకే ‘ఉత్త గుడ్లే కదా’ అన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

మామూలుగా పాము మొదటి గుడ్డు పెట్టాక కొన్ని గంటల్లోనే, మహా అయితే ఒకటిన్నర రోజులో పని పూర్తి చేస్తుంది. మధ్యమధ్యలో ఆగి విశ్రాంతి తీసుకోవడం సహజం. మొదటి గుడ్డు వచ్చి రెండు రోజులు గడిచినా లోపల ఇంకా ఉబ్బులు కనిపిస్తుంటే దాన్ని గుడ్డు నిలిచిపోవడంగానే చూడాలి. పాము ఆపకుండా ముక్కుతున్నా, తోక ఎత్తి తిప్పుతున్నా, విసర్జక ద్వారం దగ్గర ఎర్రటి కండ బయటికి వస్తున్నా, నెత్తురో చీమో దుర్వాసన వచ్చే ద్రవమో కారుతున్నా ఆ రెండు రోజులు కూడా ఆగకూడదు.

ఉబ్బు ఉందో లేదో చూడటానికి పొట్టని పిసకనక్కర్లేదు. పాముని చేతుల మీదుగా దానంతట అది పాకనిస్తూ, కింద వేళ్లని వదులుగా ఉంచితే చాలు. ఒంటి చివరి మూడో వంతులో, విసర్జక ద్వారానికి పైన, గుడ్డు ఉంటే గుండ్రటి గట్టి ముద్ద వేళ్ల మీదుగా జారుతున్నట్టు తెలుస్తుంది. ద్వారానికి ఆనుకునే ఉన్న మెత్తటి ఉబ్బు చాలాసార్లు మలమే. గుడ్లు పెట్టిన ఒకటి రెండు రోజుల్లో పాము పెద్ద ఎత్తున మలం, తెల్లటి సున్నంలాంటి యూరేట్లు విసర్జిస్తుంది. దాంతో ఆ ఉబ్బు పోతే టెన్షన్ అక్కర్లేదు.

లోపల గుడ్డు ఉందని తెలిశాక పెంచేవాళ్లకి సాయం చెయ్యాలనిపించడం సహజం. సరిగ్గా అప్పుడే చేతులు కట్టుకోవాలి. గుడ్డుని వేళ్లతో కిందికి తోసే ప్రయత్నంలో, గుడ్డు బయటికొచ్చే గొట్టమైన అండవాహిక చిరిగితే పాము బతకడం కష్టం. గుడ్డు గోడకి అతుక్కుని ఉంటే తోసినకొద్దీ గోడే దాంతోపాటు వస్తుంది. గోరువెచ్చటి నీళ్లలో ఉంచితే జారిపోతుందని చెప్పేవాళ్లుంటారు. నీరు తక్కువైన పాముకి అది కొంత ఊరట ఇస్తుంది కానీ, అడ్డుపడిన గుడ్డుని కదిలించలేదు. ఆ పేరుతో రెండు మూడు రోజులు గడిపేయడం వల్ల జరిగే నష్టమే ఎక్కువ.

పాముల గురించి తెలిసిన పశువైద్యుడు ముందుగా స్కానింగ్ చేస్తారు. పాము గుడ్డు పెంకులో కాల్షియం తక్కువ కాబట్టి ఎక్స్‌రేలో కోడిగుడ్డంత స్పష్టంగా కనిపించదు, అల్ట్రాసౌండ్ ఎక్కువ ఉపయోగపడుతుంది. తర్వాత నీటి లోటు తీర్చడం, ఒంటిని సరైన వేడికి తేవడం, అవసరమైతే కాల్షియం. గుడ్డుని బయటికి తోయించడానికి ఇచ్చే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ తాబేళ్లలో పనిచేసినంత బాగా పాముల్లో పనిచెయ్యదు. గుడ్డు నిజంగా అడ్డం పడి ఉంటే ఆ మందు ఇవ్వడమే ప్రమాదం, ఎందుకంటే గోడ బలంగా ముడుచుకుంటుంది, గుడ్డు కదలదు. కొన్ని కేసుల్లో సూదితో గుడ్డు లోపలి ద్రవాన్ని లాగేసి దాన్ని చిన్నది చేస్తారు, ఆ తర్వాత అదే బయటికొస్తుంది. అదీ కుదరకపోతే ఆపరేషన్. ఈ ఖర్చూ ఈ కష్టం రెండూ ఎంత ముందుగా వెళితే అంత తగ్గుతాయి. పాముల వైద్యం తెలిసినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉండరు. అమెరికాలో ఉన్నవాళ్లు అసోసియేషన్ ఆఫ్ రెప్టైల్ అండ్ యాంఫిబియన్ వెటరినేరియన్స్ వెబ్‌సైట్‌లో దగ్గర్లోని వైద్యుల్ని వెతుక్కోవచ్చు. ఆడపాము ఉన్న ఇంట్లో ఆ ఫోను నంబరు గుడ్ల కాలం రాకముందే రాసిపెట్టుకుని ఉండాలి.

గుడ్ల మీద చుట్టుకున్న తల్లి

కార్న్ స్నేక్‌కి తన గుడ్ల మీద ధ్యాస ఉండదు. పెట్టి వెళ్లిపోతుంది. తీసేస్తే పట్టించుకోదు. బాల్ పైథాన్ సంగతి పూర్తిగా వేరు. కొండచిలువ జాతులన్నిట్లోలాగే ఇందులోనూ తల్లి గుడ్లని కుప్పచేసి, వాటి చుట్టూ గట్టిగా చుట్టుకుని, తల పైన ఆనించి కూర్చుంటుంది. బర్మీస్ పైథాన్ తల్లి కండరాలు వణికించి ఒంటి వేడి పెంచి మరీ గుడ్లని వెచ్చగా ఉంచుతుందని న్యూయార్క్ జూలో జరిపిన పరిశీలనల్లో 1966లో తేలింది. బాల్ పైథాన్ అలా వణకదు. దాని చుట్ట ముఖ్యంగా గుడ్లలోని తేమ ఆరిపోకుండా కాపాడుతుంది. మామూలుగా గుడ్లు పొదిగి పిల్లలు రావడానికి దాదాపు రెండు నెలలు పడుతుంది. ఆ రెండు నెలలూ తల్లి సాధారణంగా తిండి ముట్టదు.

గుడ్లు ఫలించలేదని ఆ తల్లికి చెప్పేవాళ్లు లేరు. తీయకుండా వదిలేస్తే కుళ్లిపోతున్న గుడ్ల మీద కూడా అలాగే కూర్చుంటుంది, గుడ్లు పెట్టక ముందు నుంచీ తినని పాము ఇంకా చిక్కిపోతుంది. గుడ్లు తీసేస్తే తల్లికి బాధ కలుగుతుందేమో అని వెనకాడేవాళ్లు ఉంటారు. ఆ జాలిని తప్పు పట్టడానికి లేదు. కానీ ఇక్కడ దాని మేలు కోరడమంటే ఆ కాపలాని అక్కడితో ఆపించడమే. ఒక రోజు ఆగొచ్చు, అంతకు మించి ఆగడంలో ప్రయోజనం లేదు.

తీసేటప్పుడు తొందర పనికిరాదు. మామూలుగా సాధువుగా ఉండే బాల్ పైథాన్ కూడా గుడ్ల మీద ఉన్నప్పుడు బుస కొట్టొచ్చు, కాటు వేయొచ్చు. తల మీద పల్చటి గుడ్డ కప్పి, తోక వైపు నుంచి ఒక్కొక్క చుట్టునీ మెల్లగా విప్పాలి. ఒక చేత్తో విప్పుతూ, రెండో చేయి విప్పిన భాగం కింద ఆసరాగా ఉండాలి. బలవంతంగా లాగితే పాము ఇంకా బిగించుకుంటుంది. విప్పిన చుట్టు మళ్లీ చుట్టుకోకుండా చేతిని అడ్డుపెట్టి, కాస్త ఆగి, తర్వాతి చుట్టు విప్పాలి. పాముని వేరే డబ్బాలోకి మార్చాక గుడ్లు తీసేయాలి.

ఆ తర్వాత చేసే శుభ్రత పైకి చిన్న పనిలా కనిపిస్తుంది కానీ, తల్లి మళ్లీ తినడం చాలావరకు దీని మీదే ఆధారపడి ఉంటుంది. గుడ్ల వాసన మిగిలి ఉన్నంతకాలం బాల్ పైథాన్ ఖాళీ స్థలం చుట్టూ కూడా చుట్టుకుని కూర్చుంటుంది. అందుకే కింద పరిచినదంతా మార్చాలి, దాక్కునే పెట్టె కడగాలి, గుడ్లు పెట్టడానికి ఉంచిన నాచు పారేయాలి. పాము ఒంటిని గోరువెచ్చటి నీళ్లలో తడిపిన మెత్తటి గుడ్డతో తుడవాలి, లేదా లోతు తక్కువ నీళ్లలో ఓ పావుగంట ఉంచాలి. పక్కనే ఉండి చూసుకోవాలి. ఘాటైన సబ్బులు, ఫినాయిల్ లాంటివి అక్కర్లేదు, ఫినాయిల్ పాములకి విషమే. కార్న్ స్నేక్‌కి ఇంత హడావుడి అవసరం లేదు. ట్యాంకు శుభ్రం చేసి వదిలేస్తే చాలు. కింగ్ స్నేక్ అయితే తన గుడ్లని తానే తినేయొచ్చు కాబట్టి గుడ్లు పరీక్షించాలనుకుంటే వెంటనే తీసేయాలి.

గుడ్లు, మురికి, నీళ్లు ముట్టుకున్న చేతులు సబ్బుతో కడుక్కోవాలి. సరీసృపాల నుంచి సాల్మొనెల్లా రావడం తెలిసిన విషయమే. ఐదేళ్ల లోపు పిల్లలున్న ఇంట్లో ఈ పనులు వంటింటి సింకులో చేయకూడదు.

తిండి, బరువు, ఓపిక

గుడ్లు పెట్టిన పాముని చూడగానే అది ఎంత చిక్కిపోయిందో తెలుస్తుంది. వెన్నెముక గీతలా పైకి తేలి, రెండు పక్కలా కండ లోపలికి పోయి, ఒళ్లు గుండ్రంగా ఉండాల్సింది త్రికోణంలా కనిపిస్తుంది. చివరి మూడో వంతులో చర్మం వదులుగా ముడతలు పడి వేలాడుతుంది. గుడ్ల బరువు, వాటికి ముందు తినకుండా గడిపిన వారాలు రెండూ కలిసి బరువులో మూడో వంతు దాకా పోవడం వింత కాదు. ఆ ముడతలు చూసి భయపడాల్సిన పని లేదు. కొన్ని వారాల్లో అవి పోతాయి. కానీ ఆ పోవడం పద్ధతిగా జరగాలి.

మొదట కావలసింది తిండి కాదు, నీళ్లు. పాము పూర్తిగా మునిగి కూర్చునేంత పెద్ద గిన్నెలో శుభ్రమైన నీళ్లుండాలి. కొన్ని పాములు గుడ్లు పెట్టిన వెంటనే చాలాసేపు ఆపకుండా తాగుతాయి. యూరేట్లు తెల్లగా మెత్తగా వస్తే నీరు సరిపోయినట్టు. పసుపు, నారింజ రంగులో ఎండిపోయి గట్టిగా వస్తే నీటి లోటు ఉన్నట్టు. తర్వాత వేడి. తిన్నది అరగాలంటే పాముకి బయటి వేడే ఆధారం. బాల్ పైథాన్‌కి వెచ్చటి వైపు 31 నుంచి 33 డిగ్రీల సెల్సియస్, చల్లటి వైపు 25 నుంచి 27, గాల్లో తేమ 60 శాతం దగ్గర. కార్న్ స్నేక్‌కి వెచ్చటి వైపు 29 నుంచి 31, చల్లటి వైపు 22 నుంచి 24. థర్మోస్టాట్ లేకుండా ఈ అంకెలు నిలబడవు. ‘చలేస్తుందేమో’ అని వేడి పెంచేయడం వల్ల పాముకి నీరు ఇంకా తగ్గుతుంది.

తిండి పెట్టడానికి తొందర పడకూడదు. మూడు నాలుగు రోజులు పాముని కదపకుండా ప్రశాంతంగా వదిలేసి, ఆ తర్వాత మొదటిసారి మామూలుగా తినేదానిలో సగం పరిమాణం ఉన్న ఎలుక ఇవ్వాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఇంత చిక్కిపోయింది కదా అని పెద్ద ఎలుకని పెడతారు. ఎన్నో వారాలు ఖాళీగా ఉన్న కడుపు దాన్ని అరిగించుకోలేక బయటికి కక్కేస్తుంది. కక్కిన పాముకి అన్నవాహిక ఒరుసుకుపోయి ఉంటుంది, కడుపులోని రసాలు పోతాయి, మళ్లీ పది పదిహేను రోజులు ఏమీ పెట్టకుండా ఆగాల్సి వస్తుంది. ఆత్రంతో పెట్టిన ఒక్క పెద్ద ఎలుక వల్ల రెండు వారాలు వెనక్కి పోయినట్టే. చిన్న ఎలుక అరిగి మలం సరిగా వచ్చాక, ఐదారు రోజులకొకసారి అలాంటివే మూడు నాలుగు ఇచ్చి, ఆ తర్వాత మెల్లగా పరిమాణం పెంచాలి. కార్న్ స్నేక్ చాలాసార్లు మొదటి రోజు నుంచే ఆకలిగా ఉంటుంది. బాల్ పైథాన్ వారాలు తీసుకోవచ్చు. వద్దన్నప్పుడు ప్రతిరోజూ పెట్టి చూస్తే ఇంకా బెదురుతుంది. వారానికి ఒకసారి, చీకటి పడ్డాక, పెట్టి వదిలేయడం మేలు. నోరు తెరిచి బలవంతంగా తినిపించడం వైద్యుడు చెబితే తప్ప చెయ్యకూడదు.

ఎలుక చనిపోయి, గడ్డకట్టి, కరిగించినదే కావాలి. రాత్రంతా ఫ్రిజ్‌లో కరిగించి, తర్వాత కవర్లో పెట్టి వేడినీళ్లలో ముంచితే ఎలుక ఒంటి వేడి వస్తుంది. మైక్రోవేవ్‌లో పెడితే బయట ఉడికి లోపల గడ్డగానే ఉంటుంది. బతికున్న ఎలుక నీరసంగా ఉన్న పాముని కొరికి తీవ్రంగా గాయపరచగలదు, ఈ సమయంలో అసలే వద్దు. కాల్షియం పొడి చల్లాలా అని చాలామంది అడుగుతారు. పాము ఎలుకని ఎముకలతో సహా మింగుతుంది. ఎలుకే దానికి కావలసినంత కాల్షియం ఇస్తుంది. లోటు నిజంగా ఉందనుకుంటే అది వైద్యుడు తేల్చాల్సిన విషయం.

ఇదంతా సరిగా సాగుతోందా లేదా అన్నది కళ్లతో కాదు, తూకంతో తెలుస్తుంది. గ్రాముల్లో చూపించే చిన్న డిజిటల్ కాటా ఒకటి పాము కోసమే విడిగా ఉంచుకోవాలి. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాని ముందు తూచి సున్నా చేసి, పాముని అందులో పెట్టి తూచాలి. వారానికి ఒకసారి, తిండికి ముందు. గుడ్లు పెట్టిన మర్నాటి అంకె మొదటిది. ఆ అంకె మీద వారానికి కొద్దికొద్దిగా పెరుగుతుంటే అంతా బాగున్నట్టే. గుడ్లు పెట్టాక ఇంకా తగ్గుతూనే ఉంటే, మూడు నాలుగు వారాలైనా తినకపోతే, మందకొడిగా పడి ఉంటే, నోరు తెరిచి ఊపిరి తీసుకుంటుంటే, పొట్ట కింది భాగం మళ్లీ ఉబ్బితే వైద్యుడికి చూపించాలి. అప్పుడు వారాలవారీ బరువులు రాసిన కాగితం డాక్టరుకి ఎంతో పనికొస్తుంది.

చాలా పాములు గుడ్లు పెట్టిన కొన్ని వారాలకి మరోసారి కుబుసం విడుస్తాయి. దానికి ముందు కళ్లు మసకబారి తినడం మానేస్తే మళ్లీ కంగారు పడనక్కర్లేదు. కుబుసం ఒకే ముక్కగా వస్తే తేమ సరిపోయినట్టు. ముక్కలుముక్కలుగా వస్తే నీటి లోటు ఇంకా తీరలేదని లెక్క.

మళ్లీ పెట్టకుండా ఆపొచ్చా?

పూర్తిగా ఆపడం మన చేతిలో లేదు. తగ్గించడం కొంతవరకు ఉంది. ఆడపాము శరీరం గుడ్లకి సిద్ధపడటానికి ముందు ఒంట్లో ఎంత నిల్వ ఉందో చూసుకుంటుంది. పెంపుడు పాముకి అడవిలో ఉన్నట్టు కరువు ఉండదు. వారం వారం పెద్ద ఎలుక, ఏడాది పొడవునా వెచ్చటి ఇల్లు, పాకడానికి మాత్రం చిన్న డబ్బా. ఒళ్లు చేసిన ఆడ కార్న్ స్నేక్ ఏటా గుడ్లు పెట్టడానికి ఇది చాలు. గుడ్లు పెట్టిన పాముని కోలుకోవాలని గబగబా లావెక్కిస్తే కొన్ని కార్న్ స్నేక్‌లు దాదాపు రెండు నెలల్లోనే రెండో కాన్పుకి సిద్ధమవుతాయి. కోలుకోవడం, లావెక్కడం ఒకటి కాదు. వెన్నెముక గీత కనుమరుగై ఒళ్లు గుండ్రంగా వచ్చిందంటే ఇక చాలు. అక్కడి నుంచి పెద్ద కార్న్ స్నేక్‌కి రెండు వారాలకో ఎలుక సరిపోతుంది. ఎక్కడానికి కొమ్మలు, పాకడానికి పొడవాటి ట్యాంకు ఉంటే కండ బలపడుతుంది. గుడ్డుని బయటికి తోసేది కండరమే కాబట్టి ఎక్కువకాలం చిన్న డబ్బాలో కదలకుండా ఉన్న లావుపాటి పాములో గుడ్డు అడ్డుపడే భయం ఎక్కువ.

భారతదేశంలో ఉన్నవాళ్లకి ఇంకో విషయం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నాగుపాము, జెర్రిపోతు, కొండచిలువ లాంటి మన పాముల్ని ఇంట్లో పెంచడం నేరం. పెరట్లో దొరికిన పాముకి గుడ్లుంటే దాన్నీ, గుడ్లనీ అటవీశాఖకి అప్పగించాలి. అంతరించే ప్రమాదమున్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైట్స్ ఒప్పందం కిందికి వచ్చే బాల్ పైథాన్ లాంటి విదేశీ పాముల్ని పెంచేవాళ్లు చట్టానికి 2022లో జరిగిన సవరణ, 2024లో వచ్చిన నియమాల ప్రకారం వాటిని నమోదు చేయించాలి. పిల్లలు పుడితే ఆ వివరాలు కూడా తెలపాలి. గుడ్లు ఫలించాయో లేదో టార్చి పెట్టి చూడటానికి ఇది కూడా ఒక కారణం.

ఒకసారి గుడ్లు పెట్టిన పాము మరుసటి ఏడాది అదే కాలంలో మళ్లీ పెట్టే అవకాశం ఎక్కువ. తేదీ రాసిపెట్టుకుంటే రెండోసారి ఎవరూ కంగారు పడరు. తిండి మానడం, అశాంతిగా మూలమూలలా తవ్వడం, ఒంటి చివరి భాగం నిండుగా కనిపించడం, బాల్ పైథాన్ అయితే చల్లటి వైపుకి వెళ్లి వెల్లకిలా తిరిగి పడుకోవడం, ఇవి ముందే చెప్పే గుర్తులు. గుడ్లకి ముందు వచ్చే కుబుసం అన్నిటికన్నా నమ్మకమైనది. అది విడిచిన తర్వాత కార్న్ స్నేక్ సుమారు పది పదిహేను రోజులకి, బాల్ పైథాన్ సుమారు నెలకి గుడ్లు పెడతాయి. ఆ కుబుసం కనిపించగానే పాము పట్టేంత ప్లాస్టిక్ డబ్బాకి పక్కన కన్నం చేసి, తడిపి పిండిన నాచు లోపల వదులుగా నింపి, ట్యాంకులో మరీ వేడి లేని చోట పెట్టాలి. గుడ్లు పెట్టే చోటు దొరకని పాము వాటిని లోపలే ఆపుకుంటుంది, అడ్డుపడటానికి అదీ ఒక పెద్ద కారణం. మగపాము లేదు కాబట్టి డబ్బా ఎందుకని అనుకోకూడదు.